లోపల దాకా కడుక్కోమన్నది నేనే

తొమ్మిదేళ్ల కిందట ఒక మాట అన్నాను. కొన్ని నెలలు పోయాక ఆ మాట అనలేదన్నాను. జరిగింది ఇంతే. కానీ ఆ రెండు మాటల బరువు మోసినట్టు నా జీవితంలో ఇంకేదీ మోయలేదు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ భర్తను ఆరేళ్లు అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టాను. ఆయన పోయాక ఒంటరిగా ఇల్లు నడిపాను. అవి నలుగురికీ కనిపించే బరువులు, చూసినవాళ్లు అయ్యో అన్నారు. దీనికి అయ్యో అనేవాళ్లు లేరు, ఎవరికీ చెప్పలేదు కాబట్టి.

మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. ఇందులో ఆడవాళ్ల ఒంటి సంగతులు ఉంటాయి. తెల్లబట్ట, మంట, దురద, వాసన. చదవడం ఇబ్బందిగా ఉంటే ఉండనివ్వండి. ఆ ఇబ్బందే ఒక మనిషి కొంప ముంచింది. నేను దానికి చెయ్యి అందించాను.

నేను నర్సును. వయసు యాభై దాటింది. ఉండేది అల్వాల్‌లో, పని చేసేది బన్సీలాల్‌పేట్‌లో ఒక చిన్న ధర్మాసుపత్రిలో. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. దానికి ముందు ఎనిమిదేళ్లు కాన్పుల వార్డులో చేశాను. ఆ ఎనిమిదేళ్ల అలవాటు ఈ కథలో ఉంది, అందుకని చెబుతున్నాను.

మా దగ్గర గురువారం సూది రోజు. పిల్లలు పుట్టకుండా మూడు నెలలకోసారి వేసే సూది. మాత్రలైతే ఇంట్లో ఎక్కడో దాచుకోవాలి, రోజూ గుర్తుపెట్టుకుని మింగాలి, ఎవరో ఒకరు చూస్తారు. సూదైతే వేయించుకుని, చీర సర్దుకుని, దారిలో కూరగాయలు కొనుక్కుని ఇంటికి వెళ్లిపోవచ్చు. అందుకే మా వీధుల్లో ఆడవాళ్లకు ఆ సూదంటే ఇష్టం. గురువారం పొద్దున మా వరండా నిండిపోయేది.

ఆ సూదితో కొన్ని పేచీలు ఉన్నాయి. కొందరికి నెలసరి ఆగిపోతుంది. కొందరికి రోజుల తరబడి మరకలు అవుతాయి. కొందరికి లోపల తడి తగ్గి ఎండిపోయినట్టు ఉంటుంది, మొగుడితో కలిస్తే మంట. వీటికి తోడు ఏ ఆడమనిషికైనా మామూలుగా వచ్చే తెల్లబట్టా, దురదా ఉండనే ఉన్నాయి. ఏది సూది వల్ల, ఏది కాదు అన్నది చూస్తే తప్ప తెలియదు. యోని అన్న మాట నేను నర్సింగు పుస్తకంలో చదివాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క ఆడమనిషి నోట వినలేదు. అందరూ 'కింద' అంటారు. కింద మంట, కింద దురద. తల దించుకుని, మన కాళ్లకేసి చూస్తూ అంటారు.

అలా అన్నవాళ్లను బల్ల మీద పడుకోబెట్టి, తెర లాగి, లోపల చూడాలి. అది నియమం. మా దగ్గర బల్ల ఉంది. దాని మీద అట్టపెట్టెలు ఉండేవి. సెలైన్ సీసాల పెట్టెలు, పాత రిజిస్టర్లు, పాడైపోయిన తూకం మిషను. పెట్టడానికి వేరే చోటు లేదని ఒకసారి పెట్టారు, ఇక అక్కడే ఉండిపోయాయి. అవన్నీ దించి, ఒక మనిషిని చూసి, మళ్లీ ఎక్కించే సరికి వరండాలో గొడవ మొదలవుతుంది. మా ఆయా మల్లమ్మ రెండు మూడుసార్లు, జెర పక్కకు జరుపుతనమ్మా, అంది. ఉండనియ్ అన్నాను. రిజిస్టరులో లోపలి పరీక్షకు ఒక గడి ఉండేది. పేజీ షురూ చేసేటప్పుడే పైనుంచి కిందిదాకా 'నార్మల్' అని రాసుకుంటూ పోయేదాన్ని, పేర్లు తర్వాత నింపేదాన్ని. ఇది నేను ఒక్కదాన్నే కనిపెట్టిన పద్ధతి కాదు. కానీ ఆ రాత నాదే.

ఆమెను పద్మ అంటాను. అసలు పేరు అది కాదు. అప్పుడు ముప్పై లోపే. విజయనగరం అవతలి పల్లె నుంచి వచ్చి సీతాఫల్‌మండిలో ఒక పోర్షన్‌లో అద్దెకుండేవారు. మూడు పోర్షన్లకూ కలిపి వెనక ఒకటే బాత్రూం. భర్త దూరం పోయే రైళ్లలో ప్యాంట్రీలో వంటవాడు. నాలుగైదు రోజులు రైల్లో, రెండు రోజులు ఇంట్లో. అత్తగారు వాళ్లతోనే ఉండేది. తొమ్మిదేళ్ల ఆడపిల్ల, నాలుగేళ్ల మగపిల్లాడు. ఇక పిల్లలు వద్దని మొగుడూ పెళ్లాం అనుకుని సూదికి వచ్చారు. అత్తగారికి చెప్పలేదు.

మూడో సూదికి వచ్చిన రోజు పద్మ నా టేబుల్ మీదికి వంగి ఏదో అంది. వినపడలేదు. నిజం చెప్పాలంటే సగం వినపడింది. అయినా, గట్టిగ చెప్పమ్మా, అన్నాను. వెనక వరసలో పదిమంది ఉన్నారు. కింద మంటగా ఉందనీ, తెల్లబట్ట అవుతోందనీ, వాసన వస్తోందనీ, ఆయన ఇంటికొచ్చినప్పుడు ఓర్చుకోలేకపోతున్నాననీ ఆమె వాళ్లందరూ వినేలా చెప్పాల్సి వచ్చింది. నేను పరీక్ష బల్లకేసి చూశాను. అట్టపెట్టెలు. రిజిస్టరుకేసి చూశాను. ఆమె గడిలో 'నార్మల్' అప్పటికే ఉంది.

శుభ్రంగ కడుక్కోవాలమ్మా, అన్నాను. రోజూ కడుక్కో. యాంటిసెప్టిక్ వేసుకుని, లోపల దాకా.

వెనక ఎవరో నవ్వారు. పద్మ చెవులు ఎర్రబడ్డాయి. నేను సూది వేసి పంపేశాను.

ఎందుకన్నాను? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు వేసుకున్నానో లెక్కలేదు. కాన్పుల వార్డులో కుట్లు పడ్డ బాలింతలకు రోజూ గోరువెచ్చని నీళ్లలో నాలుగు చుక్కల మందు కలిపి పైపైన పోసి కడిగేవాళ్లం. ఆ మాట నా నాలుక మీద ఉండిపోయింది, ఎవరు కింద అన్నా అదే వచ్చేది, అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అది నిజమే. కానీ సగం నిజం. పైన కడగడం వేరు, లోపల కడగడం వేరు. లోపలి భాగం తనను తానే శుభ్రం చేసుకుంటుందనీ, అక్కడికి సబ్బు గానీ మందు గానీ పోనివ్వకూడదనీ, పోనిస్తే కాపాడే మంచి క్రిములు కూడా చచ్చిపోతాయనీ నాకు తెలియదా? తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మరి ఆ 'లోపల దాకా' ఎక్కడినుంచి వచ్చింది? చిరాకులోంచి వచ్చింది. వాసన అనగానే ఈ మనిషి శుభ్రం లేని మనిషి అనుకున్నాను. ఆ మాట ఆమెకు తగలాలనే అన్నాను. తగిలింది.

మూడు నెలలకు మళ్లీ వచ్చింది. మంట ఎక్కువైందని చెప్పింది. ఈసారి గట్టిగా చెప్పమనకముందే గట్టిగా చెప్పింది. కడుక్కుంటున్నవా, అని అడిగాను. రోజుకు రెండుసార్లు, మీరు చెప్పినట్టే, అంది. నీళ్లెన్ని, మందెంత అని అడగలేదు. అసలు నీళ్లు కలుపుతున్నావా అని కూడా అడగలేదు. మంచిది, మానకు, అన్నాను. 

ఆమె కలపలేదు, ఇదంతా నాకు తర్వాత మల్లమ్మ ద్వారా తెలిసింది. మందు చిక్కగా ఉంటే రోగం తొందరగా పోతుందనుకుంది. దూది తడిపి లోపల పెట్టుకునేది. మంట పుడితే మందు పని చేస్తోందనుకునేది. పొద్దునా, సాయంత్రం, మూడు పోర్షన్లకూ ఉన్న ఆ ఒక్క బాత్రూంలో తలుపేసుకుని అరగంట ఉండేది. బయట బకెట్లు పట్టుకుని నిలబడ్డవాళ్లు చూస్తూనే ఉన్నారు. భర్త రైల్లో ఉన్న రోజుల్లో కూడా అంతే, ఎందుకంటే నేను రోజూ అన్నాను.

ఆ తర్వాతి నెలలో జ్వరం, పొత్తికడుపులో నొప్పి. ఒక పెద్దాసుపత్రిలో చేర్చారు. అక్కడి డాక్టరమ్మ చూసి, లోపలంతా కాలిపోయి పుళ్లు పడ్డాయనీ, ఇన్ఫెక్షను గర్భసంచి దాకా పాకిందనీ చెప్పి, ఏం పెట్టుకున్నావమ్మా లోపల, అని అందరి ముందూ అడిగింది. సూది సంగతి కూడా అప్పుడే బయటపడింది. అత్తగారు పక్కనే ఉంది. ఇంటికొచ్చాక పోర్షన్లలోవాళ్లు బాత్రూం సంగతి చెప్పారు. ఆ మూడూ కలిపి ఆ ఇంట్లో ఒక కథ తయారైంది. మొగుడు ఒప్పుకున్న సూదే అయినా, అతను ఇంట్లో ఉండేది రెండు రోజులు, మరి అంత అవసరం ఎవరికోసం? మొగుడు లేని రోజుల్లో కడుక్కునేది ఏమిటి? పద్మ ఒక్కటే చెబుతూ వచ్చింది. సిస్టరమ్మ చెప్పింది, అందుకే చేశాను అని.

అందుకని వాళ్లు నా దగ్గరికి వచ్చారు.

అదీ గురువారమే. పొద్దున పదకొండు. ముందు భర్త, వెనక అత్తగారు, అందరికన్నా వెనక గుమ్మం పట్టుకుని పద్మ. చాలా చిక్కిపోయింది. నా పక్క కుర్చీలో డాక్టరు మేడం ఏదో రాసుకుంటోంది. నా ఉద్యోగం కాగితం ఆవిడ బల్ల మీద ఉంది. ఏడాది ఒప్పందం అయిపోయింది, మళ్లీ రాయాలంటే ఆవిడ సంతకం కావాలి. నా భర్త మంచాన పడిన మొదటి ఏడాది అది. ఇది నేను సాకుగా చెప్పడం లేదు. చెబుతున్నానేమో కూడా. మీరే చూసుకోండి.

భర్త గొడవ పడటానికి రాలేదు. ఆ సంగతి ముఖ్యం. చేతులు కట్టుకుని నిలబడి మెల్లగా అడిగాడు.

"సిస్టరూ, ఒక మాట అడగాల. మందేసుకోని లోపల దాకా కడుక్కోమని మీరే సెప్పినారంట. మా ఇంటిది అదే మాట మీద ఉన్నాది. నిజమేనా?"

మేడం రాయడం ఆపింది. తలెత్తి నాకేసి చూసింది.

"నేనెందుకు చెప్తనన్నా?" అన్నాను. "లోపల కడగొద్దనే మాకు ట్రైనింగ్‌ల చెప్తరు. మేం ఎవ్వరికీ అట్ల చెప్పం."

ఎంత తేలిగ్గా వచ్చిందో. తడబడలేదు కూడా. అబద్ధం చెబితే గొంతు వణుకుతుందంటారు, నాకు వణకలేదు. మేడం మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టింది.

"ఇన్నావురా?" అంది అత్తగారు కొడుకుతో. "సిస్టరమ్మ సెప్పనేదంట. మరి రోజూ ఎవుడి మైల కడుక్కున్నాదో అడుగు దాన్ని."

పద్మ గుమ్మం వదిలి రెండడుగులు ముందుకు వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. నాకు గుర్తు చేయడానికి ప్రయత్నించింది. నేను నిజంగానే మరిచిపోయాననుకుంది పాపం.

"సిస్టరమ్మా, ఆ బల్ల మీద పెట్టిలున్నాయి కదా, ఆటికేసి సూసి సెప్పినారు. నేను పసుప్పచ్చ సీర కట్టుకోనొచ్చాను. వెనక ఎవులో నవ్వినారు. ఒక్కపాలి గుర్తు సేసుకోండమ్మా."

"రోజుకు ఎంతమందో వస్తరమ్మా. అందరూ యాదికుంటరా?"

పసుపుపచ్చ చీర నాకు గుర్తుంది. దాని అంచు కూడా గుర్తుంది. నా మొహంలో ఏం కనిపించిందో, నాకు గుర్తుందన్న సంగతి ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

భర్త ఇంకో ప్రశ్న అడిగాడు. అతను నమ్మాలనే వచ్చాడని నాకు ఆ ప్రశ్నతో అర్థమైంది.

"పోనీ సిస్టరూ, మగోడితో ఏ సంబందమూ నేకుండా ఆడోళ్లకి ఇలాటిది వస్తాదా?"

వస్తుంది. ఒక్క ముక్క చాలు. నా అబద్ధం నా దగ్గరే ఉంచుకుని కూడా ఆ ఒక్క ముక్క చెప్పొచ్చు. సూది వల్ల ఎండిపోతుంది, అది మంట పుట్టిస్తుంది, తెల్లబట్ట పెళ్లికాని పిల్లలకూ వస్తుంది, దానికి మగవాడితో పని లేదు. ఇదంతా చెప్పడానికి నిమిషం పట్టదు, నా ఉద్యోగానికీ నష్టం లేదు. కానీ మాట్లాడితే ఇంకో ప్రశ్న వస్తుందని భయపడ్డాను. మరి ముందే ఎందుకు చూడలేదు అంటాడేమో, రిజిస్టరు తీయమంటాడేమో.

"అది పెద్దాస్పత్రి డాక్టర్నే అడగండన్నా," అన్నాను.

వాళ్లు వెళ్లిపోయారు. వరసలో తర్వాతి మనిషిని రమ్మన్నాను. మర్నాడు నా కాగితం మీద సంతకం అయింది.

మూడు వారాల తర్వాత మల్లమ్మ చెప్పింది, పద్మను ఆమె అన్న వచ్చి ఊరికి తీసుకుపోయాడని. పిల్లలిద్దరినీ ఇక్కడే ఉంచేసుకున్నారట. ఆ చిన్నవాడు రైల్వే గేటు దాకా ఏడుస్తూ వెంట పడ్డాడట. గా పిల్ల గట్ల కనిపియ్యదమ్మా, ఏందో, అంది మల్లమ్మ. నేను దూది చుట్టుకుంటూ కూర్చున్నాను. చేతిలో దూది అయిపోయినా ఇంకా చుడుతూనే ఉన్నానట, మల్లమ్మే ఆపింది.

ఆ తర్వాత నేను మంచి నర్సునయ్యాను. నవ్వకండి. అదే వారం బల్ల మీది పెట్టెలన్నీ నేనే మోసి మెట్ల కింద పెట్టాను. తెర కుట్టించాను. కింద అన్న ప్రతి మనిషినీ దగ్గరికి పిలిచి, ఎవరికీ వినపడకుండా అడిగి, చూసి, అప్పుడే రిజిస్టరులో రాశాను. లోపల కడగకూడదమ్మా, పైన మామూలు నీళ్లు చాలు, అని చెప్పిన మాటే చెప్పి గొంతు అరగదీసుకున్నాను. కాలేజీలకు వెళ్లి ఆడపిల్లలకు చెప్పాను. ఈ సిస్టర్ ఎంత ఓపిగ్గా చెబుతుందో అని అందరూ అన్నారు. ఒక సభలో శాలువా కప్పారు. ఆ శాలువా బీరువాలో అడుగున ఉంది, ఒక్క చలికాలం కూడా కప్పుకోలేదు.

మా చర్చిలో బుధవారం స్త్రీల కూటం ఉంటుంది. అక్కడ ఎవరి తప్పులు వాళ్లు లేచి ఒప్పుకోవచ్చు. నేనూ లేచాను, చాలాసార్లు. ప్రార్థనలో కునికిపాట్లు పడ్డానని ఒప్పుకున్నాను. ఆడపడుచు కొత్త సోఫా చూసి అసూయపడ్డానని ఒప్పుకున్నాను. అందరూ ఆమెన్ అన్నారు. ఇది మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోయేది. దేవుడికి చెప్పుకున్నాను, కన్నీళ్లతో చెప్పుకున్నాను. కానీ ముందే తెలిసినవాడికి చెప్పడంలో ఏం కష్టం ఉంది? తెలియాల్సినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు నా ఆసుపత్రికి అరగంట నడక దూరంలోనే ఉన్నారు. తొమ్మిదేళ్లలో ఆ అరగంట నేను నడవలేదు. ఎందుకు నడవలేదు అంటే మొదట ఉద్యోగం అన్నాను, తర్వాత భర్త అన్నాను, ఆయన పోయాక, ఇప్పుడు చెప్పి మాత్రం ఏం లాభం, గాయం కెలకడమే కదా అన్నాను. ఎవరి గాయం గురించి నాకంత బెంగ?

ఈ ఏడాది వానలు మొదలయ్యాక ఒక అమ్మాయి ఒంటరిగా వచ్చింది. పద్దెనిమిదేళ్లు, డిగ్రీ మొదటి సంవత్సరం. నెలసరి సరిగా రావడం లేదని ఎవరో డాక్టరు హార్మోను మాత్రలు రాశాడు. గర్భం రాకుండా వాడే మాత్రలే, నెలసరి దారిలో పడటానికి కూడా ఇస్తారు. అవి మొదలుపెట్టాక దురద, తెల్లబట్ట. మూడు నెలలుగా ఎవరికీ చెప్పలేదు. కార్డు మీద తండ్రి పేరు రాసుకుని, పని ఏంటి బిడ్డా అంటే, రైల్లో ప్యాంట్రీ అంది. ఇల్లు సీతాఫల్‌మండి. నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

తెర లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. ఇన్నాళ్లు ఎందుకు దాచావని అడిగాను.

"నానమ్మకు తెలిస్తే మా అమ్మ లెక్కనే అయిందంటది మేడం," అంది. ఆ తర్వాత దుపట్టా కొస చుట్టుకుంటూ అడిగింది. "ఎవ్వరితోని తిరగకపోయినా ఇది వస్తదా?"

అదే ప్రశ్న. తండ్రి అడిగిన ప్రశ్న తొమ్మిదేళ్లకు కూతురు అడిగింది.

వస్తది బిడ్డా, అన్నాను. పెళ్లికాని వాళ్లకు వస్తది, ముసలమ్మలకు వస్తది, మాత్రలకు వస్తది, ఏం లేకున్నా వస్తది. వారం మందు వాడితే పోతది.

ఆ పిల్ల మొహం తేలికపడుతుందనుకున్నాను. పడలేదు.

"మరి మా అమ్మకు?" అంది.

అప్పుడైనా చెప్పానా? లేదు. వారం తర్వాత మందు అయిపోయినంక రా, అన్నీ చెప్తా, అన్నాను. ఇంకో వారం కొనుక్కున్నాను. ఆ పిల్ల రాకపోతే బాగుండని ఒక పూట, రాకపోతే నేనేమైపోతానో అని ఒక పూట.

వచ్చింది. దురద తగ్గిందని చెప్పింది. నేను మల్లమ్మను బయటికి పంపి, తెర లాగి, చెప్పాను. గడిలో ముందే రాసుకోవడం దగ్గరినుంచి పసుపుపచ్చ చీర దాకా. నెమ్మదిగా చెబుదామనుకున్నాను గానీ గబగబా చెప్పేశాను. ఆ పిల్ల ఏడవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

"మా అమ్మకు చెప్పిన్రా?" అంది.

లేదన్నాను. ఫోను తీసింది. తల్లి నంబరు ఆ ఫోనులో 'ట్యూషన్ మేడం' అన్న పేరు మీద ఉంది. నానమ్మ ఫోను చూస్తుందట. మీట నొక్కి, మాట బయటికి వినపడేలా పెట్టి, నా చేతికిచ్చింది. నేను వద్దనలేదు. వద్దనే హక్కు నాకు లేదు.

అవతల ఎత్తారు. వెనక ఎక్కడో కుక్కరు కూత.

"అలో, పాపా. తిన్నావేటి?"

ఆ గొంతు నేను గుర్తుపట్టాను. నేను ఫలానా అని చెప్పుకున్నాను. పెట్టేసిందేమో అనుకున్నాను, కానీ కుక్కరు వినపడుతూనే ఉంది. చెప్పాను. లోపల దాకా కడుక్కోమన్నది నేనే పద్మా. నాకు అప్పుడూ గుర్తుంది. అబద్ధం చెప్పింది నేను. నువ్వు కాదు. క్షమించమని అడగడానికి నోరు రాలేదు, అడగలేదు.

ఆమె నన్ను రెండే ముక్కలు అడిగింది.

"పాప పక్కనున్నాదా?"

"ఉంది."

"ఇన్నాదా?"

"విన్నది."

పెట్టేసింది. ఆ పిల్ల నా చేతిలోంచి ఫోను తీసుకుని, కార్డు సంచిలో పెట్టుకుని, నాకేసి చూడకుండా వెళ్లిపోయింది. తండ్రికి చెబుతుందో లేదో తెలియదు. డాక్టరు మేడానికి నేనింకా చెప్పలేదు. నేను రాస్తున్న ఈ కాగితాలు ముందు ఆవిడకే ఇవ్వాలి, ఇచ్చాక నా ఉద్యోగం ఉంటుందో ఉండదో చూడాలి. పద్మకు తొమ్మిదేళ్లు ఎవరు తిరిగి ఇస్తారు? ఎవరూ ఇవ్వరు. నన్ను ఎవరూ క్షమించలేదు. క్షమించాలని కూడా నేను అనుకోవడం లేదు.

కానీ ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, చాలా ఏళ్ల తర్వాత ఊపిరి నిండుగా ఆడింది. అంత నష్టం చేసిన మనిషికి అంత హాయిగా ఊపిరి ఆడటం న్యాయం కాదు. అయినా ఆడింది. మీ దగ్గర దాచడం ఎందుకు?